కింగ్, ర్వా, దెజార్దాన్: అత్తింటి పేరు వెతుక్కుంటూ మూడేళ్ళు

పద్నాలుగేళ్ళుగా నేను కింగ్ అనే ఇంటిపేరుతో సంతకం పెడుతున్నాను. పెళ్ళయిన కొత్తలో పాస్‌పోర్టు మార్పించుకున్నప్పుడు పుట్టింటి పేరు తీసేసి ఆ పేరు రాయించుకున్నాను. మా అమ్మ, మా నాయనమ్మ, మా ఇంట్లో పెళ్ళయిన ఆడవాళ్ళందరూ చేసిన పనే కదా అని పెద్దగా ఆలోచించలేదు. ఆ కింగ్ మా అత్తవారి అసలు ఇంటిపేరు కాదని, ఒక ఫ్రెంచి పేరుకు ఇంగ్లిషు తర్జుమా అని మూడేళ్ళ కిందట తెలిసింది.

మా ఆయన పుట్టి పెరిగింది అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, లూయిస్టన్ అనే మిల్లుల ఊళ్ళో. మావయ్యగారికి ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. 'మావయ్యగారు' అనే నేను ఆయనను పిలుస్తాను. ఆ పిలుపుకు అర్థం చెప్పించుకుని మరీ అలాగే పిలవమన్నారు. అత్తగారు పోయాక ఆ పెద్ద ఇంట్లో ఒక్కరే ఉండలేక చిన్న అపార్ట్‌మెంటుకు మారదామనుకున్నారు. సామాను సర్దడానికి బోస్టన్ నుంచి మేమిద్దరం వెళ్ళాం. పాత ప్రార్థన పుస్తకం ఒకటి దులుపుతుంటే పేజీల మధ్య నుంచి అట్టముక్క ఒకటి కింద పడింది. నల్ల అంచు, పైన శిలువ, కింద ఫ్రెంచిలో నాలుగు వరుసలు. 1931లో పోయిన మావయ్యగారి ముత్తవ్వ జ్ఞాపకార్థం అచ్చు వేయించి చర్చిలో పంచిన కార్డు అది. అందులో ఆమె పేరు పక్కన 'ర్వా' అని, ఆ పక్కనే 'పుట్టింటి పేరు ప్లూర్ద్' అని ఉంది.

"మా తాతను వాళ్ళ వీధిలో ముసలివాళ్ళు ర్వా అనే పిలిచేవారు. ముద్దుపేరేమో అనుకునేవాణ్ణి," అన్నారు మావయ్యగారు. ఫ్రెంచిలో ర్వా అంటే రాజు. ఇంగ్లిషులో అదే కింగ్. చాలాసేపు ఆ కార్డును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. తర్వాత, "మన వాళ్ళు ఎక్కడివాళ్ళో కనుక్కోగలవా అమ్మా?" అని అడిగారు. చదువుకునే రోజుల్లో రెండేళ్ళు ఫ్రెంచి నేర్చుకున్నాను కాబట్టి సరేనన్నాను.

పని మొదలుపెట్టింది జనగణన పత్రాలతో. అమెరికాలో లెక్క తీసిన 72 ఏళ్ళకు ఆ కాగితాలను అందరికీ తెరుస్తారు. 1920 లెక్కల్లో కుటుంబం కింగ్ పేరుతో దొరికింది. 1900 లెక్కల్లో అదే వీధిలో, అవే పిల్లల పేర్లతో, ఇంటిపేరు మాత్రం ర్వా అని ఉంది. పుట్టిన చోటు అనే గడిలో 'కెనడా, ఫ్రెంచి' అని రాశారు. వలస వచ్చిన ఏడు 1888. ఆ పత్రంలో ప్రతి తల్లికీ రెండు అంకెలు రాయించారు: ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికి ఉన్నారు. ప్లూర్ద్ గారి అమ్మాయి పేరు ఎదుట 9, 6 అని ఉన్నాయి. ఆ రెండు అంకెలు చూశాక ఆ రాత్రి కంప్యూటర్ మూసేశాను. కాగితం మీది వెతుకులాట కాస్తా మనుషుల గురించి అయిపోయింది.

పేరు ఎందుకు మారింది? ఓడరేవులో అధికారి మార్చేశాడని చాలా అమెరికన్ కుటుంబాలు చెప్పుకుంటాయి. మా మావయ్యగారి ఇంట్లోనూ ఆ మాటే ఉంది. కానీ వీళ్ళు ఓడ ఎక్కనే లేదు. కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ నుంచి రైల్లో నేరుగా లూయిస్టన్ స్టేషన్లో దిగారు. 1895కు ముందు ఆ సరిహద్దు దాటినవాళ్ళ పేర్లు రాసుకున్నవాళ్ళే లేరు. 1840 నుంచి 1930 లోపు సుమారు 9 లక్షల మంది ఫ్రెంచి కెనడియన్లు ఇలా దక్షిణానికి వచ్చారు. ఊళ్ళో పొలాలు పిల్లల సంఖ్యకు చాలలేదు, ఇక్కడ నూలు మిల్లుల్లో ఇంటిల్లిపాదికీ పని దొరికింది. పేరు మార్చుకున్నది చాలావరకు వాళ్ళే. ఫోర్‌మన్ నోరు తిరగక ఒకలా పిలిచేవాడు, బడిలో మరోలా రాసేవారు. 1919లో మెయిన్ రాష్ట్రం ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషులోనే చెప్పాలని చట్టం చేసింది. 1920లలో కూ క్లక్స్ క్లాన్ అనే జాత్యహంకార ముఠా ఇక్కడి ఫ్రెంచి కాథలిక్కుల మీద ఊరేగింపులు తీసింది. అలాంటి రోజుల్లో ర్వా అనే ఇంటివాళ్ళు కింగ్ అని రాయించుకున్నారంటే నేను తప్పు పట్టలేను. లెబ్లాన్ వైట్ అయ్యాడు, బ్వావేర్ గ్రీన్‌వుడ్ అయ్యాడు, లెవెక్ బిషప్ అయ్యాడు. పొట్టి చేతుల చొక్కా అని అర్థం వచ్చే కూర్తమాన్ష్ అనే ఇంటిపేరును షార్ట్‌స్లీవ్ అని మక్కీకి మక్కీ దింపుకున్నవాళ్ళూ ఉన్నారు.

అక్కడి నుంచి కెనడా వైపు తిరిగాను. అసలు కష్టం అక్కడ మొదలైంది.

క్యూబెక్‌లో వంశం వెతకడం సులువని అందరూ అన్నారు. అందులో నిజముంది. 1994 దాకా అక్కడ పుట్టుక, పెళ్ళి, చావు రాసే బాధ్యత చర్చిలదే. ప్రతి ఊరి చర్చిలోనూ పాదిరి ఒకే విషయాన్ని రెండు పుస్తకాల్లో రాసేవాడు. ఒకటి చర్చిలో ఉండేది, రెండోది కోర్టుకు వెళ్ళేది. ఒకటి కాలిపోయినా రెండోది మిగిలేది. అసలు మొదటి పుస్తకాలకే ఆ గతి పట్టింది. 1640లో క్యూబెక్ నగరంలోని చర్చి తగలబడి 1621 నుంచి రాసినవన్నీ బూడిదయ్యాయి. అప్పటి పాదిరులు ఎవరికి ఎవరితో పెళ్ళి చేశామో, ఏ బిడ్డకు జ్ఞానస్నానం చేయించామో జ్ఞాపకం చేసుకుని మళ్ళీ రాశారు. డ్రువాన్ అనే వంశచరిత్ర సంస్థ 1940లలో ఊరూరా తిరిగి ఈ పుస్తకాలను మైక్రోఫిల్ముల మీదికి ఎక్కించింది. ఈనాడు నా భోజనాల బల్ల దగ్గర కూర్చుని నేను చూసినవి ఆ బొమ్మలే.

మా అత్తవారి ర్వాలు మాత్రం వాటిలో దొరకలేదు. ర్వా అక్కడ మన దగ్గర రెడ్డి, రావుల్లా ఎటు చూసినా ఎదురయ్యే పేరు. ఒకరికొకరు ఏమీ కాని ర్వాలు ఎన్నో కుటుంబాలు. దానికి తోడు జ్ఞానస్నానంలో ప్రతి మగబిడ్డకూ ముందు జోసెఫ్ అని, ప్రతి ఆడబిడ్డకూ ముందు మారీ అని పెడతారు. తర్వాత జ్ఞానపిత, అంటే ఆ బిడ్డకు చర్చిలో పూచీగా నిలిచినవాడి, పేరు వస్తుంది. ఇంట్లో పిలిచే పేరు చివరన ఉంటుంది. ఒక ఇంట్లో ఆరుగురు జోసెఫ్‌లు ఉండవచ్చు. జోసెఫ్ ర్వా అని వెతికితే ఒక్క జిల్లాలోనే పేజీలకు పేజీలు వచ్చేవి. ఇంకొక తప్పు నాదే. పాత పుస్తకాల్లో 7 పక్కన చిన్న అక్షరాలు చేర్చి నెల పేరు రాస్తారు. నేను అది జూలై అనుకుని రాసుకుంటూ పోయాను. ఫ్రెంచిలో ఏడును సెత్ అంటారు. కాబట్టి ఆ 7 సెప్టెంబరుకు గుర్తు. అలాగే 8 అక్టోబరు, 9 నవంబరు, రోమన్ పది డిసెంబరు. ఒక తల్లికి నవంబరులో ఒక బిడ్డ, మరుసటి ఏడు జూలైలోనే ఇంకొక బిడ్డ పుట్టినట్లు తేలాకగానీ నాకు అనుమానం రాలేదు. నాలుగు నెలల రాతను మళ్ళీ మొదటి నుంచి దిద్దుకున్నాను.

ఎనిమిది నెలలు గడిచాయి. మావయ్యగారు ప్రతి ఆదివారం ఫోను చేసి, దొరికిందా అని అడగకుండా, "ఆరోగ్యం జాగ్రత్త, రాత్రుళ్ళు మేలుకోకు," అనేవారు. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మెయిన్ లాంటి అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, ఫ్రెంచి కెనడియన్ వంశాలు వెతికేవాళ్ళకు సాయం చేసే గ్రంథాలయాలు ఉన్నాయి. ఒక శనివారం అలాంటి చోటికి వెళ్ళాను. అక్కడ ఉచితంగా పనిచేసే ఒక పెద్దావిడ నా కాగితాలన్నీ ఓపికగా చూసి పక్కన పెట్టింది. "మగవాళ్ళ పేర్లు కాసేపు వదిలెయ్యమ్మా. ఆవిడ ఎవరి అమ్మాయి?" అని అడిగింది.

కార్డు తీసి చూపించాను. ప్లూర్ద్.

"ఇది నీ దగ్గర ఉంచుకుని ర్వాల వెంట తిరుగుతున్నావా?" అంది ఆవిడ, మెత్తగానే.

అప్పుడు చెప్పింది. ఫ్రెంచి కెనడాలో స్త్రీకి పెళ్ళయినా కాగితాల్లో ఇంటిపేరు మారదు. జ్ఞానస్నానంలో ఏ పేరో, పెళ్ళిలో అదే, పిల్లల జ్ఞానస్నానాల్లో అదే, చివరికి సమాధి చేసేటప్పుడూ అదే. ఊళ్ళో నోటిమాటగా ఫలానావారి భార్య అని పిలవవచ్చు, పుస్తకంలో మాత్రం పుట్టింటి పేరే. పదిహేడో శతాబ్దం నుంచీ అంతే. మగవాళ్ళ ఇంటిపేర్లు అలా నిలకడగా ఉండవు. వాళ్ళకు రెండేసి పేర్లు. రెంటి మధ్యన 'ది' అనే చిన్న మాట ఉంటుంది. అంటే 'అనబడే' అని. మన పాత దస్తావేజుల్లో 'ఉరఫ్' అని రాస్తారే, సరిగ్గా అదే.

ఈ రెండో పేర్ల గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. చాలావాటి పుట్టుక సైన్యంలో. ఫ్రెంచి దండులో చేరినవాడికి ఒక దండు పేరు పెట్టేవారు. లఫ్లర్ అంటే పువ్వు. సాన్సూసి, చింత లేనివాడు. వదెబోన్‌కర్, మనసారా ముందుకు నడిచేవాడు. త్రాన్ష్‌మోంతాన్య్, కొండను కోసేవాడు. లజనెస్, పడుచుదనం. ప్రసిద్ధ గాయని ఎమ్మా అల్బానీ పుట్టింటి పేరు ఈ లజనెస్సే, 1847లో షాంబ్లీలో పుట్టింది. కొందరికి సొంత ఊరి పేరు వచ్చింది, కొందరికి తల్లి పుట్టింటి పేరు, కొందరికి పొలం పక్కన ఉన్న చెట్టు పేరు. తర్వాతి తరంలో ఒక అన్న మొదటి పేరు ఉంచుకునేవాడు, తమ్ముడు రెండోది పట్టుకునేవాడు. ఒకే మనిషి పెళ్ళిలో ఒక పేరుతో, కొడుకు జ్ఞానస్నానంలో ఇంకొక పేరుతో కనిపిస్తాడు. వాళ్ళకు అది గందరగోళం కాదు. ఊరందరికీ రెండు పేర్లూ తెలుసు.

ఆ గ్రంథాలయంలోనే కూర్చుని భర్త పేరు ఖాళీగా వదిలి, ప్లూర్ద్ ఇంటి ఆడపిల్లల పెళ్ళిళ్ళు మాత్రం 1875 నుంచి 1888 దాకా వెతికాం. ఆ ఇంటిపేరు సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఉన్న కామురాస్కా ప్రాంతంలో దట్టంగా ఉంటుంది. జాబితాలో మేం వెతికే ప్లూర్ద్ అమ్మాయి పేరు, 1880 నాటి పెళ్ళి, దొరికాయి. వరుడి పేరు మాకు తెలిసినదే. ఇంటిపేరు మాత్రం దెజార్దాన్. వరుడి తండ్రి పేరు దగ్గర పాదిరి ఇంకాస్త వివరంగా రాశాడు: ర్వా ది దెజార్దాన్.

దెజార్దాన్ అంటే తోటలవారు. మా తెనాలిలో తోటవారి ఇల్లు మా వీధి చివరే. ఆ మాట చూడగానే ఎందుకో ఆ ఇంటి ముందు పారిజాతం చెట్టు గుర్తొచ్చింది.

ఒక్క పెళ్ళి దొరికినంత మాత్రాన నమ్మకూడదని గ్రంథాలయంలోని పెద్దావిడే హెచ్చరించింది. అందుకని 1900 జనగణనలో ఉన్న పిల్లల వయసులు తీసుకుని ఆ చుట్టుపక్కల చర్చిల్లో దెజార్దాన్ పేరుతో జ్ఞానస్నానాలు వెతికాను. వలసకు ముందు పుట్టిన నలుగురూ, నెలలతో సహా సరిపోయారు. ఆ నలుగురి మధ్యన జనగణనలో లేని ఇద్దరు దొరికారు. ఒక బాబు, పదకొండు రోజులు. ఒక పాప, ఏడాదిన్నర. ఇంకొక బిడ్డ లూయిస్టన్‌లో, వచ్చిన మరుసటి శీతకాలంలో. తొమ్మిదిలో ఆరు పోను ఆ ముగ్గురూ వీళ్ళు. బాబును సమాధి చేసిన రోజు రాతలో తండ్రి అక్కడే ఉన్నాడని, సంతకం చేయడం తెలియదన్నాడని ఉంది. తల్లి పుట్టింటి పేరు యథాప్రకారం ప్లూర్ద్. ఈ సంగతి మావయ్యగారికి ఫోనులో చెప్పబుద్ధి కాలేదు. తర్వాతి వారం లూయిస్టన్ వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పాను.

అక్కడి నుంచి వెనక్కి పోవడం రెండు వారాల పని. కాథలిక్ పెళ్ళి రాతలో వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. పెళ్ళి పట్టుకుంటే దాని ముందటి పెళ్ళి దొరుకుతుంది, అది పట్టుకుంటే ఆపైది. 1871 నుంచి 1890 దాకా ఏడు సంపుటాలుగా పాదిరి తాంగే వేసిన వంశనిఘంటువు, 1966లో మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో మొదలైన జనాభా చరిత్ర పరిశోధన, రెండూ చెయ్యి పట్టుకుని నడిపించాయి. నా పటంలో మగవాళ్ళ వరుస ఇలా వచ్చింది: కింగ్, ర్వా, దెజార్దాన్, ర్వా ది దెజార్దాన్, మళ్ళీ ర్వా. ఆడవాళ్ళ వరుసలో ప్లూర్ద్, మిషో, లెవెక్, వెలె. అక్షరం తేడాలు తప్ప ఒక్కరి పేరూ మారలేదు. పటం కట్టింది మగవాళ్ళ వరుసకు. దాన్ని తెగకుండా పట్టుకున్నది ఆ ఆడవాళ్ళ పేర్లు.

మధ్యలో ఒక పెళ్ళికి పాదిరి బిషప్ అనుమతి తెప్పించాడు. వధూవరులు మూడో తరంలో బంధువులు, అంటే ముత్తాత ఒకరే. నాలుగో తరం బంధుత్వానికి కూడా అప్పట్లో అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి వల్లే నాకు చెరిగిపోయిన ఒక ముత్తాత పేరు ఖాయమైంది. మా తాతయ్య, అమ్మమ్మలది మేనరికమని, మా వైపు దానికి అనుమతి కాదు కదా, ఆ సంబంధం కాదంటేనే కోపాలొచ్చేవని చెబితే మావయ్యగారు ఆశ్చర్యపోయి వరుసలన్నీ కాగితం మీద గీయించుకున్నారు.

ఆ వరుస ఆంత్వాన్ ర్వా ది దెజార్దాన్ దగ్గర ఆగింది. ఫ్రాన్సులో బుర్గుండీలోని జ్వాన్యీ ఊరివాడు, పీపాలు చేసే పనివాడు. ఇరోక్వా అనే అక్కడి ఆదివాసీ జాతులతో యుద్ధానికి 1665లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ పంపిన కారిన్యాన్-సాలియేర్ దండులో సిపాయిగా వచ్చాడు. దండు తిరిగి వెళ్ళినా సుమారు 400 మంది అక్కడే ఉండిపోయారు, వాళ్ళలో ఇతనొకడు. 1668లో క్యూబెక్‌లో మారీ మాజోర్ అనే నార్మండీ అమ్మాయిని పెళ్ళాడాడు. ఆమె 'రాజుగారి ఆడపిల్లల్లో' ఒకతె. 1663 నుంచి 1673 దాకా పద్నాలుగో లూయీ ఖర్చు పెట్టి కెనడాకు పంపిన సుమారు 770 మంది పెళ్ళికాని ఆడవాళ్ళను ఆ పేరుతో పిలుస్తారు. ఈనాటి ఫ్రెంచి కెనడియన్లలో ఆ ఆడవాళ్ళ రక్తం లేని ఇల్లు దొరకడం కష్టం.

వీళ్ళిద్దరికీ ఒక్కడే కొడుకు, పియెర్. కాపురం బాతిస్కాన్‌లో. తర్వాత ఆంత్వాన్ భార్యాబిడ్డలను అక్కడే ఉంచి మాంట్రియల్ దగ్గరి లషీన్‌కు వెళ్ళాడు. 1684 జూలైలో, తాను తలదాచుకున్న ఇంటి యజమాని చేతిలో హతుడయ్యాడు. తన భార్యతో కలిసి ఉండగా చూశానని ఆ యజమాని చెప్పుకున్నాడు. విచారణ కాగితాలు ఇంకా ఉన్నాయి. వంశానికి మూలపురుషుడు దొరికాడన్న సంతోషం, ఈ కథ ఎలా చెప్పాలన్న బెరుకు రెండూ ఒకేసారి వచ్చాయి. దాచడం సరికాదనిపించింది. ఉన్నది ఉన్నట్లు చెప్పాను.

మావయ్యగారు కాసేపు కిటికీలోంచి నదివైపు చూశారు. తర్వాత, "పిల్లాడికి అప్పుడు ఎన్నేళ్ళు?" అని అడిగారు.

"పదిహేను."

"మరి వాళ్ళమ్మ?"

ఆయన అడిగింది ఆ రెండే. ఆ పిల్లవాడు పియెర్ పెరిగి పెద్దవాడై కామురాస్కా సీమలో భూమి తీసుకుని స్థిరపడ్డాడు. ర్వా ది దెజార్దాన్ వంశమంతా ఆ ఒక్క కొడుకు నుంచి వచ్చిందే. 1900లో లెవీలో జనానికి సహకార బ్యాంకు పెట్టిన ఆల్ఫోన్స్ దెజార్దాన్ తండ్రి పేరు కూడా కాగితాల్లో ర్వా ది దెజార్దాన్ అనే ఉంటుంది, తల్లిది మివీల్ ది దెషేన్. 1908లో న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో మిల్లు కూలీల కోసం అమెరికాలో మొట్టమొదటి పరపతి సంఘం పెట్టించడానికి వచ్చినవాడూ ఆయనే. క్యూబెక్‌లో ఏ ఊరికి వెళ్ళినా ఆ బ్యాంకు ఆకుపచ్చ బోర్డు కనిపిస్తుంది. "నా పేరు వాళ్ళ ప్రతి వీధిలోనూ రాసి ఉందన్నమాట," అన్నారు మావయ్యగారు.

కిందటి సెప్టెంబరులో ముగ్గురం కారులో కామురాస్కా వెళ్ళాం. అక్కడ నది నదిలా ఉండదు, అవతలి ఒడ్డున కొండలు నీలిగీతలా కనిపిస్తాయి. పోటు తగ్గినప్పుడు బురదలో వరుసగా పాతిన గుంజలు బయటపడతాయి. పాము ఆకారంలో ఉండే చేపలను పట్టడానికి వేసిన దడి అది, తరతరాల పద్ధతి. మావయ్యగారు బూట్లు విప్పి ఆ బురద అంచున నిలబడ్డారు. శ్మశానంలో రాళ్ళ మీద భార్యాభర్తల పేర్లు చదువుకుంటూ నడిచాం. ప్రతి రాయి మీదా ఆమె పుట్టింటి పేరు ఆమెకుంది. 1981 నుంచి క్యూబెక్‌లో చట్టమే అలా ఉంది. పెళ్ళి చేసుకున్న స్త్రీ పుట్టింటి పేరుతోనే అన్ని హక్కులూ వాడుకోవాలి, భర్త పేరు పెట్టుకుంటానన్నా మామూలుగా ఒప్పుకోరు. చట్టం కొత్తదే, అలవాటు మాత్రం ఆ పాత పుస్తకాలంత పాతది.

ఆ ప్రాంతపు అభిలేఖాగారంలో 1636 నాటి ఒక పెళ్ళి ఒప్పందం గురించి చెప్పారు. కెనడాలో మనకు మిగిలిన వాటిలో అతి పాత పెళ్ళి ఒప్పందం అది. పెళ్ళికూతురి తండ్రి జాకారీ క్లూతియే వడ్రంగి, 1634లో ఫ్రాన్సులోని పెర్ష్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. రాయడం రాదు. సంతకం చేయాల్సిన చోట గొడ్డలి బొమ్మ గీసేవాడు. 1800 నాటికే అతని వారసులు 10,850 మంది అని మాంట్రియల్ విశ్వవిద్యాలయంవాళ్ళు లెక్క తేల్చారు. అత్తగారి వైపు వరుసలో అతను నాకు రెండు చోట్ల తగిలాడు. ఆ గొడ్డలిని మావయ్యగారు తన జేబు పుస్తకంలో గీసుకున్నారు.

ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టలేదు. పరాయి దేశపు ఒక రైతు ఇంట్లో తొమ్మిది తరాల కోడళ్ళ పుట్టింటి పేర్లు నాకు నోటికి వచ్చాయి. మా అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటి పేరు మాత్రం తెలియదు. మా నాయనమ్మ చిన్నతనంలో పంటలు ఇంటికొచ్చే రోజుల్లో పిచ్చికుంట్లవారు వచ్చి వాకిట్లో నిలబడి వంశం చదివేవారట. తాతలు ముత్తాతల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పి ధాన్యం పట్టుకెళ్ళేవారట. ఆ వరుసలో ఆడవాళ్ళు ఉన్నారో లేదో ఆవిడను అడగాలని నాకు అప్పట్లో తోచలేదు. ఇండియాలో తెల్లవారింది కదా అని అమ్మకు ఫోను చేశాను. అమ్మమ్మ పుట్టిల్లు, నాయనమ్మ పుట్టిల్లు తడుముకోకుండా చెప్పింది. ఆపైన ఆగిపోయింది. "అమ్మమ్మ వాళ్ళమ్మను అందరూ బాపట్లమ్మ అనేవాళ్ళే. ఇంటిపేరు ఎవరూ అనగా వినలేదు. పెద్దమ్మను అడిగి చూస్తాను," అంది. పెద్దమ్మకు తొంభై ఒకటి. రెండు రోజుల తర్వాత అమ్మ గొంతు రికార్డు చేసి పంపింది. పెద్దమ్మకు గుర్తొచ్చింది. నేను పటం వెనకవైపు తెలుగులో రాసుకున్నాను, నలుగురు ఆడవాళ్ళు, నాలుగు ఇంటిపేర్లు. అక్కడికి నా పుట్టింటి పేరు కూడా చేర్చాను.

తిరిగి వచ్చాక మావయ్యగారు సమాధి రాళ్ళు చెక్కే ఆయన దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. అత్తగారి రాయి మీద ఆమె పేరు, కింగ్, పుట్టిన, పోయిన సంవత్సరాలు మాత్రమే ఉన్నాయి. పక్కన తనకోసం ఖాళీ ఉంచుకున్నారు. అత్తగారి పేరు కింద 'పుట్టింటి పేరు గాన్యోన్' అని ఫ్రెంచిలో చెక్కమన్నారు. తన వైపు కింగ్ కింద 'ర్వా ది దెజార్దాన్' అని ఇప్పుడే చెక్కేయమన్నారు. మధ్యలోని మాటకు పెద్ద అక్షరం పెట్టాలా అని ఆయన అడిగాడు.

"వద్దు, చిన్నదే. అది పేరు కాదు," అన్నారు మావయ్యగారు. స్పెల్లింగు తన చేత్తోనే రాసి ఇచ్చి, నా చేత ఒకసారి సరిచూపించారు. రాయి ఉన్నచోటే చెక్కాలి కాబట్టి చలి తగ్గాలట. మే నెల మొదటి వారానికి పని పెట్టుకున్నాడు.